నలభై ఒకటో హంస

చలికాలం చివర, ఆగస్టు ఆఖరి ఆదివారం వచ్చిందంటే, దక్షిణాన దీవి అంచునున్న మా పల్లె పుంతా తొతోరాలో కుక్కల్ని కట్టేస్తారు. పడవల్ని గట్టుమీదికి లాగి బోర్లిస్తారు. ఆ పూట ఎవరూ కట్టెలు కొట్టరు, పందుల్ని దొడ్లోంచి వదలరు, పిల్లలు గోల చేయకుండా చేతికో రొట్టె ఇచ్చి ఇంట్లో కూర్చోబెడతారు. ఊరి చప్పుడంతా అణిగాక ఎదెల్మీరా కెమెరా సంచి భుజాన వేసుకుని, చర్చి వెనక బంగాళాదుంపల చేను ఉన్న మెరకమీదికి ఎక్కుతుంది. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్లనొప్పులు. అయినా ఆ సంచి ఇంకొకరి చేతికివ్వదు.

ఆ కెమెరా ఆవిడ మొగుడిది. ఆయన బతికున్నన్నాళ్లూ దీవులన్నీ తిరిగి పెళ్లిళ్లకీ పండగలకీ ఫోటోలు తీశాడు. పురిట్లోనే పోయిన బిడ్డకి తెల్లగౌను తొడిగి, కాగితం రెక్కలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఫోటోలకే అన్నిటికన్నా గిరాకీ ఎక్కువని చెప్పేవాడు. ఆ రెక్కలు కత్తిరించే పని ఎదెల్మీరాది. ఆయన పోయాక ఆవిడ మనుషుల్ని తీయడం మానేసి పిట్టల్ని తీయడం మొదలుపెట్టింది. ఫోటోలో ముక్కు వంకరగా వచ్చిందని పిట్టలు గొడవకి రావు కదా అనేది. గోధుమరంగు బాతుల్నీ, గట్టున గడ్డి మేసే అడవి పెద్దబాతుల్నీ ఏడాది పొడుగునా తన సరదాకి తీసుకుంటుంది. హంసల్ని మాత్రం ఊరికోసం తీస్తుంది.

పదకొండేళ్ల కిందటి భూకంపానికి మా నేల మనిషెత్తు కుంగిపోయింది. సముద్రం లోపలికొచ్చి పొలాల్నీ అడవినీ ముంచేసి అక్కడే ఉండిపోయింది. చెట్లు నిలబడ్డచోటే చచ్చి మోడులయ్యాయి. దాన్ని మేం ముంపు అంటాం. ముంపులో నాచు పెరిగింది, నాచుకోసం హంసలొచ్చాయి. తెల్లటి ఒళ్లు, నల్లటి మెడ, ముక్కుమీద ఎర్రటి కాయ. వచ్చిన హంసలు ఎన్నో, వచ్చే ఆగస్టుకి ఊళ్లో బతికుండే మనుషులు అంతమంది. ఒకటి తక్కువగా వచ్చిందంటే ఏడాది తిరిగేలోపు ఒకరు పోతారు. ఒకటి ఎక్కువైతే ఎవరో పుడతారు. ఈ సంగతి కనిపెట్టడానికి మాకు మూడేళ్లు పట్టింది, అలవాటు పడడానికి మూడు వారాలు కూడా పట్టలేదు. లెక్క తగ్గిన ఏడు మంచాన పడ్డవాళ్లకి కోడి సూపు బాగా దొరికేది, అంతే తేడా.

మొదట్లో కంటితో లెక్కపెట్టేవాళ్లు. పది కళ్లు చూస్తే పది లెక్కలు వచ్చి తగువులయ్యేవి. అందుకని ఎదెల్మీరా ఫోటోకి ఊరు ఒప్పుకుంది. ముంపులోని మోడుల్లో ఎనిమిదింటికి ముసలి అబెలీనో తెల్లరంగుతో అంకెలు వేశాడు. ఒకటో మోడునుంచి రెండోదాకా ఒక ఫోటో, రెండునుంచి మూడుదాకా ఇంకోటి, అలా ఏడు. ఫిల్ము పాడైతే ఏడాదంతా దిక్కుతోచదు కాబట్టి ఒక్కోటీ రెండేసిసార్లు తీస్తుంది. వారంలో వాటిని తన బంగాళాదుంపల కొట్టులోనే కడిగి, పలచటి కాగితంమీద వేసి, వరసగా అంటించి తర్వాతి ఆదివారం చర్చికి తెస్తుంది. అందరి ముందూ కూర్చుని ఒక్కో హంసనీ మెడ మొదట్లో సూదితో పొడుస్తుంది. తర్వాత ఆ కాగితాన్ని కిటికీకి ఆనించి వెనకనుంచి చూస్తారు. అటునుంచి పిట్టలూ ఉండవు, నీళ్లూ ఉండవు, వెలుగు చుక్కలే ఉంటాయి. వాటిని చర్చిపెద్ద ఒకసారి లెక్కపెడతాడు. అబెలీనో పెళ్లాం ఉబెర్లిందా ఇంకోసారి లెక్కపెడుతుంది, ఎందుకంటే ఊళ్లో ఆవిడ చూపే నాణ్యం.

ఇన్నేళ్లలో లెక్క తప్పింది ఒక్కసారే. అలలకి కొట్టుకుపోయిన ఉబెర్లిందా తెల్లబేసిను హంసల్లో కలిసిపోయి ఫోటోలో పడింది. ఒకటి ఎక్కువ తేలేసరికి ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లందరి పొట్టలకేసీ ఏడాది పొడుగునా అనుమానంగా చూశారు. డెబ్బై ఏళ్ల ఉబెర్లిందాని కూడా వదల్లేదు. ఆ బేసిను మాట ఎత్తితే ఎదెల్మీరాకి ఒళ్లు మండేది.

నేను చెప్పే ఏడు ఊళ్లో నలభైమందిమి. పటగోనియాకి గొర్రెల బొచ్చు కత్తిరించడానికి పోయే మగవాళ్లతో కలిపే ఈ నలభై. వీళ్లు కాక నొయేలియా కడుపులో బిడ్డ. నొయేలియాకి ఇరవై ఎనిమిదేళ్లు, అబెలీనో వాళ్ల పక్కిల్లు. రెండేళ్ల కిందట తొలికాన్పు బిడ్డ మూడోరోజున పోయింది. దానికి రెక్కలు ఎదెల్మీరానే కత్తిరించింది. ఇప్పుడు మళ్లీ ఆరోనెల. అందుకని ఆ ఏడు అందరూ నలభై ఒకటి వస్తుందని ఎదురుచూశారు.

చర్చిపెద్ద నలభై అన్నాడు. ఉబెర్లిందా కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, తనూ నలభై అంది.

అందరి తలల్లోనూ ఒకటే లెక్క తిరిగింది. బిడ్డ బతికితే నలభైమందిలో ఒకరు పోవాలి. ఎవరూ పోకపోతే బిడ్డ బతకదు. మేకు కొట్టినట్టు కూర్చున్న నొయేలియాని ఎవరూ చూడలేక, అందరూ అబెలీనోని చూశారు. ఆయనకి డెబ్బై నాలుగు, ఊళ్లో అందరికన్నా పెద్దవాడు.

"నావైపు చూడకండర్రా. దుంపలు నాటే పనుంది నాకు, తీరిక లేదు" అన్నాడాయన.

జనం నవ్వారు. ఉబెర్లిందా ఆయన మోచేతిమీద ఒకటి చరిచింది. నొయేలియా మాత్రం లేచి బయటికి పోయింది.

ఇంటికి పోయినది మంచం దిగలేదు. బిడ్డకోసం అల్లిన ఉన్ని మేజోళ్లు విప్పేసి దారాన్ని ఉండ చుట్టింది. మొగుడు కుస్తోదియో సెప్టెంబరులో పటగోనియా ప్రయాణం కట్టినప్పుడు గుమ్మందాకా వచ్చి చొక్కా పట్టుకుంది. ఆ పోయేది ఇతనేమోనని ఒక భయం, ఇతను కాకపోతే బిడ్డేనని ఇంకో భయం. ఏది కోరుకోవాలో తెలియక చొక్కా వదిలేసింది. అతను వెళ్లక తప్పదు, గొర్రెల కాలంలో పోకపోతే ఏడాదంతా పస్తే.

పక్కింట్లో అబెలీనోకి ఇదంతా గోడ అవతలనుంచి వినపడేది. ఆయనకీ ఉబెర్లిందాకీ పిల్లల్లేరు. నొయేలియా వాళ్లని తాతా, అమ్మమ్మా అని పిలిచేది. అవి నోటి వరసలే అయినా, రోజూ పొద్దున్నే ఆయన ఓ మోపు కట్టెలు తీసుకెళ్లి ఆమె పొయ్యి రాజేసేవాడు. తినమని బతిమాలేవాడు, తినకపోతే తిట్టేవాడు, తిట్టినా తినకపోతే పందిపిల్లలా అరిచి నవ్వించాలని చూసేవాడు. ఆ నవ్వు రాకుండా పోయి నెలయింది.

ఓ పొద్దున అబెలీనో ఎదెల్మీరా ఇంటికొచ్చి బల్లమీద కూర్చున్నాడు. ఆవిడ మాతే టీ కలిపి అందించింది.

"ఎదెల్మీరా, నీ లెక్క గట్టిదేనా?"

"నా లెక్క ఎప్పుడు తప్పింది?"

"బేసినో?"

"అది ఎక్కువొచ్చింది బావా. నీళ్లమీద తెల్లగా ఏది తేలినా లెక్కలోకి రావచ్చు. తక్కువ మాత్రం ఎప్పుడూ రాదు. ఉన్న హంసని నా కెమెరా వదిలిపెట్టదు."

ఆయన తల ఊపి, గొట్టంతో టీ పీల్చి, బాగుందన్నాడు. దుంపలు నాటడానికి ఈసారి నేల బాగా పదునుగా ఉందని ఇంకేదో మాట్లాడి వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ ఆ ఫోటోల్ని తీసి చూడను కూడా లేదు. బేసిను మాట ఎత్తాడని ఒళ్లుమంట, అంతే. ఆ మంటలో ఆయన ఎందుకు అడిగాడన్నది ఆవిడ తలకెక్కలేదు. ఆ తర్వాత ఆవిడ ప్రతిరోజూ ఈ ముక్క తల్చుకుని ఏడ్చేది.

అక్టోబరులో ఆయన దుంపలు నాటడం పూర్తిచేశాడు. నొయేలియా ఇంటి పైకప్పులో పుచ్చిన చెక్కలు మార్చాడు. వచ్చే చలికాలానికి కూడా సరిపడేన్ని కట్టెలు ఆమె చూరు కింద పేర్చాడు. ఇంకో రెండు చలికాలాలకి సరిపోతాయే అని చర్చిపెద్ద పరాచికాలాడితే, చేతులు ఖాళీగా ఉంటే దురద పెడతాయన్నాడు. మర్నాడు పొద్దున, గాలి కూడా లేని తెల్లటి ఎండలో, పడవేసుకుని ముంపులోకి పోయాడు. ఆయన వెళ్లడం నలుగురైదుగురు చూశారు. చెయ్యి కూడా ఊపారట.

మధ్యాహ్నానికి పడవ కనపడింది. నాలుగో మోడుకి రెండు ముళ్లేసి కట్టి ఉంది. తెడ్లు లోపల పెట్టి ఉన్నాయి. వాటి పక్కన బూట్లు, బూట్లలో మడిచిన మేజోళ్లు. మూడోరోజున తుంగలో ఆయన దొరికాడు. చర్చిపెద్ద తన పుస్తకంలో కాలు జారి నీళ్లలో పడి పోయాడని రాశాడు. అలా రాయకపోతే చర్చి నేలలో పూడ్చనివ్వరు. ఆ రాతని ఎవరూ కాదనలేదు, ఎవరూ నమ్మలేదు.

తొమ్మిది రోజుల ప్రార్థనకీ ఊరంతా వచ్చింది. రోజూ ఎవరో ఒకరు వేయించిన దుంప రొట్టెలో, గుల్లల పులుసో తెచ్చారు. ఇక నీకు భయం లేదమ్మా అని నొయేలియా తల నిమిరారు. ఉబెర్లిందా దగ్గరికొచ్చి, ఎవరో పుణ్యపురుషుడి భార్య ముందు వంగినట్టు వంగి, ఆవిడ చెయ్యి తీసుకుని ముద్దుపెట్టారు. అది అప్పట్నుంచి అలవాటైపోయింది. ఆదివారం చర్చికి రాగానే ముందు ఆవిడ చెయ్యి, తర్వాతే మేరీమాత పాదం. అప్పుడావిడ వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేది. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషి చెప్పా పెట్టకుండా పోయాడు. ఒంటరి ఇంట్లో ఆవిడని నిలబెట్టింది ఆ ముద్దులే. నొయేలియా మళ్లీ తినడం మొదలుపెట్టింది, మేజోళ్లు కూడా మళ్లీ అల్లింది. ప్రతి వరసకీ తాతని తల్చుకుని ఏడ్చింది.

నవంబరు చివర్లో కాన్పు. మంత్రసాని బయటికొచ్చి మగపిల్లాడంది, బొద్దుగా ఉన్నాడంది. గుమ్మంలో చేరినవాళ్లు ఒకర్నొకరు కౌగలించుకున్నారు. చర్చిపెద్ద గంట కొట్టడానికి పరిగెత్తబోయాడు. ఆగమని మంత్రసాని చెయ్యి చూపించి మళ్లీ లోపలికి పోయింది. కాసేపటికి ఇంకో బిడ్డని తెచ్చింది. ఆడపిల్ల, అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది.

గంట మోగలేదు. గుమ్మంలో ఉన్నవాళ్లు వేళ్లు మడిచి లెక్కేసుకుంటూ నిలబడిపోయారు. అబెలీనో పోగా ముప్ఫై తొమ్మిదిమంది. ఇద్దరు పుట్టారు కాబట్టి నలభై ఒకటి. హంసలు నలభై. అంటే ఆగస్టులోపు ఇంకొకరు పోవాలి.

ఆ పోయేదెవరో అందరికీ అప్పుడే తెలిసిపోయినట్టు ఆ చిన్నదానికేసి చూశారు. మా ఊరు చెడ్డ ఊరు కాదు. కానీ ఆ రెండు వారాల్లో ఆ పిల్లని ఎత్తుకున్న మనిషి లేడు. మగపిల్లాడికి శాలువాలు వచ్చాయి, టోపీలు వచ్చాయి. దానికి ఒక్కటీ రాలేదు.

డిసెంబరు రెండో వారంలో ఎదెల్మీరా చూడ్డానికి వెళ్లింది. మగపిల్లాడు తల్లి ఒళ్లో పాలు తాగుతున్నాడు. ఆడపిల్ల కిటికీ దగ్గర దుంపల బుట్టలో పడుకుని ఉంది. ఏడవడం లేదు. ముఖం ముసలిదానిలా ముడతలు పడింది.

"దానికిచ్చావా పాలు?" అంది ఎదెల్మీరా.

"ఇస్తాలే అత్తా. వీడు తాగాక మిగిలితే."

"మిగిలితే ఇవ్వడమేంటే?"

"ఉండేవాడికి ముందు పెట్టాలి కదా." నొయేలియా గొంతు మామూలుగానే ఉంది, వంట సంగతి చెప్తున్నట్టు. "పోయేదాన్ని దగ్గరికి తీసుకుని నేనేం చేసుకోను? మొదటిదాన్ని మూడ్రోజులే ఎత్తుకున్నాను. ఇప్పటికీ చెయ్యి బరువు దిగలేదు. ఇంకోసారి నావల్ల కాదత్తా. రెక్కలకి కాగితం కూడా తీసి పెట్టాను. నువ్వే కత్తిరిద్దువుగాని."

ఎదెల్మీరా బుట్టలోంచి పిల్లని తీసింది. బరువే లేదు. కాసిని మేకపాలు గోరువెచ్చగా చేసి వేలితో నోట్లో వేసింది. నాలుగు చుక్కలు మింగి, మిగతావి పెదవి పక్కనుంచి కార్చేసింది. ఈ పిల్ల పోయేది హంసల వల్ల కాదు, లెక్క వల్ల. లెక్క తనది. ఆ మాట తట్టగానే పిల్లని బుట్టలో పెట్టి, మోకాళ్లనొప్పి కూడా మర్చిపోయి ఇంటికి నడిచింది.

కొట్టులోంచి ఫోటోలు తీసి భూతద్దంతో గంటసేపు వెతికింది. నలభై సూదిపోట్లు, నలభై హంసలు. మోడుల చాటు చూసింది, తుంగ చాటు చూసింది. ఏమీ లేదు. తర్వాత అసలు ఫిల్మునే తీసి కిటికీ అద్దానికి ఆనించింది. ఫిల్ములో అంతా తిరగబడి ఉంటుంది. తెల్లటి ఒళ్లు నల్లగా, నల్లటి మెడలు తెల్లగా. ఒక్కో నల్లటి ముద్దకీ ఒక్కో తెల్లటి గీత. అలా ఒక్కోటీ చూసుకుంటూ ఐదో ఫోటో దగ్గర ఆగిపోయింది. అక్కడొక హంస వీపుమీద, రెక్క అంచున, ఆ నలుపులో ఆవగింజంత తెల్లటి చుక్క ఉంది.

దుమ్ము అనుకుంది. అదే ఫోటోకి రెండోసారి తీసినది చూసింది. అక్కడా ఉంది, కాస్త పక్కకి జరిగి. దుమ్ము జరగదు.

పిల్ల. పసిగుడ్డు. అమ్మ వీపుమీద రెక్కల కింద దూరి, నల్లటి ముక్కు మాత్రం బయటపెట్టి కూర్చుంది. తెల్లటి వీపుమీద తెల్లటి పిల్ల, కాగితంమీద ఆ నల్లచుక్కని మరకనుకోక ఎవరు గుర్తుపడతారు? హంసలు పిల్లల్ని వీపుమీద మోస్తాయని మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. కానీ మా ముంపులో అక్టోబరు రాకుండా ఏ గుడ్డూ పగల్లేదు, అందుకని ఆగస్టు ఫోటోలో పిల్లకోసం ఎవరూ వెతకలేదు. నలభై ఒకటి. మొదట్నుంచీ నలభై ఒకటే.

ఆవిడ ఫిల్ము పట్టుకుని నొయేలియా దగ్గరికి పోయి చూపించింది. నొయేలియా కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

"నువ్వు మంచిదానివి అత్తా" అంది. "నా ఏడుపు చూడలేక ఏదో చుక్క చూపిస్తున్నావు. ఆగస్టులో హంసపిల్లని ఎవరు చూశారు? ఇది నిజమే అయితే తాత ఎందుకు పోయినట్టు మరి?"

తన మాట నొయేలియా నమ్మదని ఎదెల్మీరాకి అర్థమైంది. అది నిజమైతే అందరికన్నా ఎక్కువ నష్టపోయే మనిషి నోటినుంచి వస్తేనే నమ్ముతుంది. ఆ మనిషి ఇల్లు పక్కనే ఉంది. కంచె తలుపు తీయడానికి ఎదెల్మీరాకి చాలాసేపు పట్టింది.

ఉబెర్లిందా పొయ్యి దగ్గర కూర్చుని దుంపలు చెక్కు తీస్తోంది. ఫిల్ము చేతికివ్వగానే వెలుగుకి పెట్టింది. ఎక్కడ చూడాలో ఎదెల్మీరా చెప్పనక్కర్లేకపోయింది.

"పిల్ల" అంది ఉబెర్లిందా.

"అవునక్కా."

"నలభై ఒకటి."

"అవునక్కా."

ఉబెర్లిందా ఫిల్ముని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, మళ్లీ కత్తి తీసుకుని ఒక దుంప చెక్కు తీసింది. ఇంకో దుంప తీసుకుంది గాని దాన్ని చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఆ రోజు నేనూ లెక్కపెట్టాను" అంది. "ఆయన నీ దగ్గరికొచ్చి అడిగాడటగా."

"అడిగాడు. లెక్క తప్పదన్నాను. గర్వంతో అన్నాను."

"నువ్వు సరిగ్గా చూసి ఉంటే ఆయన ఇప్పుడు ఇక్కడ కూర్చుని, దుంప మందంగా చెక్కావని నామీద అరుస్తుండేవాడు. కవలలు పుట్టి నలభై రెండుమందిమి అయ్యేవాళ్లం. మరి నలభై రెండో హంసని ఎక్కణ్ణుంచి తెచ్చేదానివే?"

ఎదెల్మీరా ఇంటిదగ్గర్నుంచీ ఆ మాటే నలుపుకుంటూ వచ్చింది. ఆయన పోతాడనీ, ఇద్దరు పుడతారనీ, తను ఒకటి చూడకుండా వదిలేస్తుందనీ, అన్నీ కలుపుకునే హంసలు వచ్చాయేమోనంది. ఉబెర్లిందా అలాగైతే వాటి మెడలు విరిచెయ్యాలంది. ఆయన లెక్కలో ఉన్నాడు కాబట్టి పోయాడా, పోయాడు కాబట్టి లెక్కలో పడ్డాడా అన్నదానికి మా పుంతా తొతోరాలో ఈరోజుకీ జవాబు లేదు.

ఉబెర్లిందా అప్పుడు ఏడ్చింది. తొమ్మిది రోజుల ప్రార్థనలోనూ ఏడవని మనిషి, చేతిలో దుంప అలాగే పట్టుకుని, నోరు తెరుచుకుని ఏడ్చింది.

"బిడ్డకోసం పోయాడని తలెత్తుకు తిరుగుతున్నాను" అంది. "ఆయనతోపాటు ఆ మాట కూడా తీసుకుపోతావా ఎదెల్మీరా?"

"నోరు మూసుకోమంటే మూసుకుంటానక్కా. చచ్చేదాకా మూసుకుంటాను. కానీ ఆ పిల్ల ఈ వారం దాటదు. తల్లి పాలివ్వడం లేదు. నేను చెప్తే నమ్మలేదు."

పొయ్యిమీద నీళ్లు మరిగి మరిగి సగం అయ్యాయి. ఎదెల్మీరా కూర్చోలేదు, ఆవిడ కూర్చోమనలేదు. ఉబెర్లిందా కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొక్కేనికున్న నల్లశాలువా తీసి కప్పుకుంది. ఫిల్ము బల్లమీదే వదిలేసి బయటికి నడిచింది.

నొయేలియా ఇంట్లో ఆవిడ కూర్చోలేదు, శాలువా తీయలేదు.

"లెక్క నలభై ఒకటి. నా కళ్లతో చూసొచ్చాను. అమ్మ వీపుమీద పిల్ల ఉంది. ఇంక ఎవరూ పోరు."

ఊళ్లో ఎవరి మాటైనా కాదనొచ్చు గాని, ఈ మాట చెప్పడంవల్ల ఈ మనిషికి ఒరిగేది ఏమీ లేదని నొయేలియాకి తెలుసు.

"మరి తాత..."

"మీ తాత గుల్లలు ఏరడానికి పోయాడు. బూట్లు తడిస్తే నేను తిడతానని విప్పి పడవలో పెట్టాడు. బురదలో కాలు జారింది. ఆయనకి ఈత రాదు. చర్చిపెద్ద పుస్తకంలో రాసింది అదేగా."

"నాకోసం కాదా అమ్మమ్మా?"

"నీకోసమా?" అంది ఉబెర్లిందా. "నువ్వెవరివే ఆయనకి? పక్కింటిదానివి."

గుమ్మం బయట నిలబడ్డ ఎదెల్మీరా చేత్తో నోరు మూసుకుంది. నొయేలియా నిద్రపోతున్న పిల్లాణ్ణి మంచంమీద పడుకోబెట్టింది. లేచి కిటికీ దగ్గరికి పోయి, బుట్టలోంచి ఆడపిల్లని ఎత్తుకుంది. పుట్టిన తర్వాత మొదటిసారి దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. రొమ్ము నోట్లో పెడితే పిల్లకి పట్టుకునే ఓపిక లేకపోయింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి నొయేలియా పాలు పిండి పెదవులు తడిపి, పేరు లేని ఆ పిల్లని ఏదేదో పిలిచి, బతిమాలి, మళ్లీ పెట్టింది. ఈసారి పట్టుకుంది.

పిల్ల గుటకల చప్పుడు వినపడేదాకా ఉబెర్లిందా అక్కడే నిలబడి, తర్వాత ఇంటికి పోయింది.

సాయంత్రానికి సంగతి ఊరంతా తెలిసింది. లెక్క నిండుగానే ఉందట, ముసలాయన గుల్లలకి పోయి కాలు జారాడట, ఆయన పెళ్లామే చెప్పిందట. ఆదివారం చర్చిలో చర్చిపెద్ద ఇద్దరు పిల్లలకీ కలిపి గంట కొట్టాడు. ఆడపిల్లని చేతులు మారుస్తూ అందరూ ఎత్తుకున్నారు. ఉబెర్లిందా తన చోట తను నిటారుగా కూర్చుంది, చెయ్యి ఒళ్లో పెట్టుకుని. లోపలికొచ్చిన జనం ఆవిడ పక్కనుంచి నేరుగా మేరీమాత దగ్గరికి నడిచారు.